పెరటి పసుపు, పోపులపెట్టె పసుపు

నలుగురున్న ఇంట్లో పప్పుకీ, కూరకీ, చారుకీ కలిపి రోజుకి ఒక టీస్పూను పసుపు పడుతుంది. టీస్పూనంటే దాదాపు 3 గ్రాములు. ఏడాదికి లెక్కేస్తే కిలో దాటుతుంది. గడపలకు రాసేదీ, శ్రావణమాసంలో వాయనాలకు పంచేదీ, పెళ్ళికీ పేరంటానికీ ఖర్చయ్యేదీ ఇందులో కలపలేదు. ఉప్పును పక్కన పెడితే ఇంత క్రమం తప్పకుండా మన నోట్లోకి వెళ్ళే వస్తువు ఇంకొకటి కనిపించదు. అయినా ఆ పొడి ఏ నేలలో పుట్టిందో, ఎవరు ఉడకబెట్టారో, ఏ మరలో పడిందో మనం అడగం. రంగు చూస్తాం, ధర చూస్తాం, సంచీలో వేసుకుంటాం.

ఈ అధ్యాయం చదివాక మీరు మూడు కుండీల్లో పసుపు నాటాలని నా కోరిక. ముందే ఒక లెక్క చెప్పుకుందాం. కిలో ఎండు పసుపు కావాలంటే సుమారు 5 కిలోల పచ్చి పసుపు తవ్వాలి. చక్కగా పెరిగిన ఒక కుండీలో అరకిలో వస్తే మంచి పంట అనుకోవాలి. అంటే ఇంటి ఏడాది ఖర్చుకు పది కుండీలు. పెరడు ఉన్నవాళ్ళు రెండు చిన్న మళ్ళు చేసి అంతా పండించుకోవచ్చు. అపార్ట్‌మెంటు బాల్కనీలో పది కుండీలు కుదరవు, మూడు కుదురుతాయి. ఆ మూడింటి నుంచి వచ్చే పొడి రెండు మూడు నెలలకు సరిపోతుందేమో. కానీ ఒక్కసారి మీ చేత్తో నాటి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచి చూశాక, మిగతా తొమ్మిది నెలలూ బజారులో కొనే పసుపును మీరు ఇప్పటిలా కొనలేరు. కొమ్మును విరిచి చూస్తారు, వాసన చూస్తారు, అడగాల్సిన ప్రశ్న అడుగుతారు. మూడు కుండీల అసలు పంట ఆ నేర్పే అని నా నమ్మకం.

విత్తనం ఎక్కడ దొరుకుతుంది

పసుపు మొక్క పూస్తుంది గాని గింజ కట్టదు. కొమ్మునే నాటాలి. కిరాణా కొట్టులో దొరికే ఎండు కొమ్ము పనికిరాదు. దాన్ని ఉడకబెట్టి ఎండబెట్టారు కాబట్టి అందులో ప్రాణం ఉండదు. పచ్చి పసుపు కావాలి. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా రైతుబజార్లలో అది దొరుకుతుంది. అప్పుడు కొని దాచుకుంటే మే నెలాఖరుకు వాటంతట అవే కళ్ళు విప్పుతాయి. దగ్గర్లో కృషి విజ్ఞాన కేంద్రమో, పసుపు పండించే రైతో ఉంటే ఇంకా మంచిది. రకం పేరు తెలిసి మరీ తెచ్చుకోవచ్చు.

కొమ్ము 25 నుంచి 30 గ్రాములుండాలి, కనీసం రెండు మంచి కళ్ళుండాలి. గట్టిగా ఉండాలి; ఎక్కడ నొక్కినా మెత్తబడకూడదు. చర్మం మీద తెల్లటి పొలుసు పురుగు కనిపిస్తే ఆ ముక్క వద్దు. మొక్క మొదట్లో ఉండే లావుపాటి తల్లి దుంపను కూడా నాటవచ్చు. దాని నుంచి మొలక బలంగా వస్తుంది. దుగ్గిరాల మార్కెట్లో దీన్ని కాయ అంటారు, నిజామాబాద్ వైపు గోళ అంటారు. వేళ్ళలా పక్కలకు సాగినవి దుగ్గిరాలలో కొమ్ములు, నిజామాబాద్‌లో కాడి. రెండు మార్కెట్లలోనూ ఈ రెంటికీ వేరు వేరు ధర పలుకుతుంది.

రకాల గురించి ఎక్కువ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. దుగ్గిరాల, ఆర్మూరు, మైదుకూరు, టేకూరుపేట, ఇవన్నీ ఊళ్ళ పేర్లూ అవే, పసుపు రకాల పేర్లూ అవే. ఏది దొరికితే అది నాటండి. ఎంచుకునే వీలుంటే కుండీలకు నేను ప్రగతి రకం చెబుతాను. కోజికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ఇచ్చిన రకం ఇది. సుమారు ఆరు నెలల్లో పంట చేతికొస్తుంది. మన పాత రకాలు చాలావాటికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. మేఘాలయ కొండల్లో పండే లకడాంగ్ పసుపులో రంగునిచ్చే పదార్థమైన కుర్కుమిన్ ఎక్కువని పేరుపడింది కదా అని దాన్ని తెప్పించి నాటేవాళ్ళున్నారు. నేల మారితే, వాతావరణం మారితే కుర్కుమిన్ పాళ్ళూ మారతాయి. ఆ కొండ గుణమంతా మన డాబా మీదికి వస్తుందని ఆశించకండి. ఇక ఒళ్ళు రుద్దుకోవడానికి వాడే కస్తూరి పసుపు వేరే మొక్క. దాన్ని వంటల్లోకి వాడరు. కొనేటప్పుడు ఆ తేడా అడిగి తెలుసుకోండి.

నాటడం, పెంచడం

రోహిణి కార్తె ఎండలు సడలి మృగశిర రాగానే నాటుకోవచ్చు. జూన్ నెల దాటనివ్వకండి. 15 అంగుళాల వెడల్పు, అడుగు లోతు ఉన్న గ్రో బ్యాగ్ అయితే హాయి. కొమ్ములు కిందికి కంటే పక్కలకు ఎక్కువ సాగుతాయి కాబట్టి లోతైన ఇరుకు కుండీ కంటే వెడల్పాటిదే మేలు. ఒక్కో బ్యాగులో ఒక కొమ్ము, మహా అయితే రెండు.

మట్టి గుల్లగా ఉండాలి. సగం ఎర్రమట్టి, మిగతా సగంలో ఎక్కువ భాగం బాగా చివికిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో, కొంచెం ఇసుక, గుప్పెడు వేపపిండి. ఇంకొక పని తప్పకుండా చెయ్యమంటాను. ఎరువుల దుకాణంలో ట్రైకోడెర్మా విరిడి పొడి అడిగి తెచ్చి, దాన్ని తడి ఎరువులో కలిపి వారం రోజులు నీడన గోనెపట్టా కప్పి ఉంచండి. ఆ తర్వాత మట్టిలో కలపండి. పసుపుకు పెద్ద శత్రువు దుంపకుళ్ళు. అది మట్టిలోని శిలీంద్రం వల్ల వస్తుంది. ట్రైకోడెర్మా కూడా శిలీంద్రమే, కానీ ఆ చెడ్డదాన్ని పెరగనివ్వదు. రోగం వచ్చాక మందు వెతకడం కంటే ఈ వారం రోజుల శ్రమ ఎంతో నయం.

రెండంగుళాల లోతులో, కన్ను పైకి ఉండేలా కొమ్మును పడుకోబెట్టి మట్టి కప్పండి. పైన ఎండుటాకులు మందంగా పరచండి. మట్టి తడిగా ఉండాలి, బురదగా ఉండకూడదు. మొలక రావడానికి రెండు వారాలు పట్టవచ్చు, నాలుగు వారాలూ పట్టవచ్చు. ఈ మధ్యలో మట్టి తవ్వి చూడాలనే కోరిక బలంగా కలుగుతుంది. తవ్వితే లేత మొలక విరుగుతుంది, కాబట్టి చెయ్యి పెట్టకండి. నెల దాటినా ఏమీ రాకపోతే అప్పుడు చూడండి. ఆలోగా మిగిలిన కొమ్ముల్ని తడి ఇసుకలో ఉంచితే, మొలకెత్తినదాన్ని ఖాళీ కుండీలో నాటుకోవచ్చు.

పసుపుకు మండుటెండ అక్కర్లేదు. నిజామాబాద్ జిల్లాలో పసుపు చేలోనే మొక్కజొన్న వేస్తారు, కొబ్బరితోటల్లో చెట్ల కిందే పసుపు పండిస్తారు. తూర్పు వైపు బాల్కనీలో నాలుగైదు గంటల ఎండ తగిలితే చాలు. పూర్తి నీడలో పెడితే మాత్రం ఆకులు నిగనిగలాడతాయి, తవ్వితే చేతికేమీ రాదు.

నాటిన నెలన్నరకు ఒకసారి, మూడు నెలలకు మరోసారి రెండు గుప్పిళ్ళ వర్మీకంపోస్టు వేసి, మొక్క మొదట్లోకి మట్టి ఎగదోయండి. ఈ ఎగదోయడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని దిగుబడి చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది. బయటికి తేలిన కొమ్ము పచ్చబడి సన్నగానే ఉండిపోతుంది. మట్టి కప్పినదే లావెక్కుతుంది. మూడో నెల దాటాక కట్టెల బూడిద దొరికితే కాస్త చల్లండి. అందులోని పొటాష్ దుంప ఊరడానికి పనికొస్తుంది.

వానాకాలంలో రోజూ ఒకసారి కుండీ అడుగు చూడండి. నీళ్ళు పోయే రంధ్రం మూసుకుపోతే రెండు రోజుల్లో దుంపకుళ్ళు మొదలవుతుంది. కింది ఆకులు అంచుల నుంచి పసుపురంగుకు తిరుగుతాయి, కాండం నేల దగ్గర మెత్తబడుతుంది, పట్టుకుని లాగితే ఊడి చేతికొస్తుంది. అలాంటి కుండీని మిగతావాటికి దూరంగా పెట్టి, కుళ్ళిన మొక్కను మట్టితో సహా తీసేయండి. వాన తడికి ఆకుల మీద గోధుమరంగు మచ్చలు పెద్దవై ఎండిపోవడం ఇంకో తెగులు. మచ్చలున్న ఆకుల్ని కత్తిరించి పారేస్తే కుండీల మట్టుకు చాలావరకు అదుపులో ఉంటుంది.

వినాయక చవితి నాటికి ఆకులు చేతి పొడవు దాటుతాయి. మొక్కకు ఒకటో రెండో కోసుకోవచ్చు. కొంకణ తీరంలో, గోవాలో నాగపంచమికి ఈ ఆకు మీద బియ్యప్పిండి పూసి, కొబ్బరి బెల్లం పెట్టి మడిచి ఆవిరి మీద ఉడికిస్తారు. పాతోళీ అంటారు. మన ఉండ్రాళ్ళు, కుడుములు పెట్టే ఇడ్లీ రేకుల మీద ఈ ఆకు ముక్కలు పరిచి చూడండి. ఆ వాసన పిండిలోకి ఎక్కుతుంది. పొడి చేసిన పసుపులో ఈ వాసన దొరకదు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకు ఒక్క ఆకు కోసమైనా ఈ మొక్క పెంచమని చెబుతాను.

అమెరికాలో, ముఖ్యంగా చలి ఎక్కువున్న రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్ళు క్యాలెండరు మార్చుకోవాలి. ఫిబ్రవరి, మార్చిలోనే ఇంటి లోపల వెచ్చటి మూల కుండీలో మొలక తెప్పించి, మంచు భయం పోయాక బయట పెట్టి, అక్టోబరులో చలి మొదలవగానే మళ్ళీ లోపలికి తెచ్చుకోవాలి. మంచు పడితే ఆకు ఒక్క రాత్రిలో మాడిపోతుంది.

తవ్వాక ఉడకబెట్టడం

జనవరి, ఫిబ్రవరి నాటికి ఆకులు పండి వాలిపోతాయి. ఆ దశలో నీళ్ళు ఆపేయండి. ఆకులు పూర్తిగా ఎండాక మొదట్లో కోసేసి, వారం పది రోజులు ఆగి కుండీని కాగితాల మీద బోర్లించండి. ఒక్క ముక్క నాటిన చోట తల్లి దుంప చుట్టూ కొమ్ములు, కొమ్ములకు మళ్ళీ పిల్ల కొమ్ములు గుత్తిగా ఉంటాయి. మట్టి దులిపి, వేళ్ళు తుంచి, మూడు వాటాలు వేసి, విత్తనం వాటా తప్ప మిగతావి కడగండి. వచ్చే ఏడాది విత్తనానికి కొన్ని, పచ్చిగా వాడుకోవడానికి కొన్ని, పొడికి కొన్ని.

పొడి వాటాను తవ్విన రెండు మూడు రోజుల్లోపే ఉడకబెట్టాలి. చాలామంది ఈ పని ఎగ్గొట్టి, పచ్చి కొమ్ముల్ని చక్రాలుగా తరిగి ఎండబెట్టేస్తారు. అది తప్పని అనను. కానీ ఉడికిన పసుపుకూ దానికీ చాలా తేడా ఉంది. ఉడికినప్పుడు లోపలి పిండి పదార్థం జిగురై, రంగు కొమ్మంతా సమానంగా పరుచుకుంటుంది. మొలకెత్తే గుణం పోతుంది, పచ్చి వాసన తగ్గుతుంది, ఎండటం కూడా త్వరగా అవుతుంది.

కాయల్నీ కొమ్ముల్నీ వేరు చెయ్యండి, రెండూ ఒకే సమయంలో ఉడకవు. స్టీలు గిన్నెలో కొమ్ములు వేసి రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోసి మూత పెట్టండి. మొదట తడి మట్టి వాసన వస్తుంది. నీళ్ళు మరిగి నురుగు పొంగి, తెల్లటి ఆవిరితో పాటు వంటిల్లంతా ఘాటైన పసుపు వాసన పట్టిందంటే దగ్గరకు వచ్చిందన్నమాట. అప్పుడు ఒక కొమ్ము బయటికి తీసి చీపురుపుల్ల గుచ్చండి. కరకరమనకుండా సాఫీగా దిగితే ఉడికింది. వేళ్ళతో నొక్కితే కొంచెం మెత్తగా తగలాలి, చిదిమిపోకూడదు. కొమ్ములకు ముప్పావుగంట నుంచి గంట, కాయలకు ఇంకాస్త ఎక్కువ. తక్కువ ఉడికితే ఎండాక పెళుసుగా ఉండి త్వరగా పురుగు పడుతుంది. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది. గడియారం చూసి దించకండి, పుల్ల చెప్పినప్పుడు దించండి.

నీళ్ళు వార్చి, డాబా మీద శుభ్రమైన నూలుగుడ్డ పరిచి పలచగా ఆరబొయ్యండి. 10 నుంచి 15 రోజులు పడుతుంది. సాయంత్రం ఎత్తి లోపల పెట్టాలి, మంచు తగలకూడదు. ఎండటం పూర్తయిందని కొమ్మే చెబుతుంది. గుప్పెట్లో ఆడిస్తే గలగలమంటుంది, విరిస్తే వంగకుండా ఫట్‌మని విరుగుతుంది. విరిగిన చోట చూడండి. అంచు నుంచి నడుమ దాకా ఒకే ముదురు నారింజ రంగు, కొద్దిపాటి మెరుపు. నడుమ తెల్లగానో పాలిపోయినట్టో ఉంటే సరిగా ఉడకలేదని అర్థం. ఈ విరిగిన ముఖాన్ని బాగా గుర్తుపెట్టుకోండి, బజారులో ఇదే మీకు పనికొస్తుంది.

ఎండిన కొమ్ముల్ని గోనెసంచిలో పోసి మూతి కట్టి, నేల మీద అటూ ఇటూ దొర్లించి రుద్దితే పైపొట్టు రాలి నునుపు తేలుతుంది. రెండు కిలోల పచ్చి పసుపుకు 400 గ్రాములు మిగులుతుంది. ఈ పనంతా చేస్తుంటే ఆర్మూరు, బాల్కొండ, కోరుట్ల, మెట్‌పల్లి రైతుల పని ఎలాంటిదో కొంత అందుతుంది. వాళ్ళు తొమ్మిది నెలలు చేను కాపాడి, తవ్వించి, ఉడకబెట్టి, రోజుల తరబడి కళ్ళాల్లో ఎండబెట్టి, రాత్రి వాన వస్తే పట్టాలు కప్పి మార్కెట్‌కు తెస్తే ధర ఉండేది కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీ చేశారు. అందులో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులే. మద్దతు ధర కోసం, పసుపు బోర్డు కోసం వాళ్ళు నామినేషన్లు వేసి దేశమంతా తమవైపు చూసేలా చేశారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. కొమ్ములు కొనేటప్పుడు పది రూపాయలకు బేరమాడే ముందు ఆ రైతుల్ని తలచుకోమని నా విన్నపం.

బజారులో కొనేటప్పుడు

మీ కుండీల పసుపు అయిపోయాక పొడి కొనకండి, కొమ్ములు కొనండి. ఈ అధ్యాయం మొత్తంలో ఒక్క సలహా పాటిస్తానంటే ఇది పాటించండి. పొడిలో ఏం కలిపినా కంటికి తెలియదు. కొమ్మును విరిచి చూడవచ్చు.

కొమ్ము మరీ మెరిసిపోతూ, పట్టుకున్న వేళ్ళకు నిమ్మపండు రంగు పొడి ధారాళంగా అంటుకుంటే వదిలేయండి. మంచి కొమ్ము పైన కొంచెం మట్టిరంగు కలిసిన పసుపుగానే ఉంటుంది, రంగంతా లోపల ఉంటుంది. పాలిపోయిన కొమ్ముల్ని మెరిపించడానికి కొందరు వ్యాపారులు లెడ్ క్రోమేట్ వాడతారు. అది పెయింట్లలో వాడే పచ్చరంగు. అందులోని సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, పెద్దల గుండెకూ మూత్రపిండాలకూ మంచిది కాదు. బంగ్లాదేశ్‌లో పరిశోధకులు ఈ కల్తీని బయటపెట్టాక ప్రభుత్వం మార్కెట్లలో తనిఖీలు చేసి జరిమానాలు వేసింది, ప్రజలకు ప్రచారం చేసింది. 2019లో అక్కడి మార్కెట్ల నమూనాల్లో 47 శాతంలో సీసం కనబడింది. 2021 నాటికి ఒక్క నమూనాలోనూ కనబడలేదు. తలచుకుంటే రెండేళ్ళలో ఆగిపోయే మోసం ఇది. కాబట్టి అంగట్లో అడగడానికి మొహమాటపడకండి.

ఇంట్లో ఉన్న పొడిని ఇలా పరీక్షించవచ్చు. గాజు గ్లాసు నిండా నీళ్ళు తీసుకుని ఒక టీస్పూను పొడి వేసి, కలపకుండా ఇరవై నిమిషాలు వదిలేయండి. మంచి పసుపు అడుక్కి చేరి పైన నీళ్ళు లేత పసుపుగా ఉంటాయి. చవకరంగులు కలిపినదైతే నీళ్ళన్నీ చిక్కటి పచ్చగా మారతాయి. సీసం ఉందో లేదో ఈ గ్లాసు చెప్పలేదు, దానికి ల్యాబ్ కావాలి. అందుకే మళ్ళీ కొమ్ముల మాటే చెబుతున్నాను.

మరలో పట్టించేటప్పుడు కారం పట్టే మరలో వెయ్యకండి, పసుపు పట్టే మర విడిగా ఉన్నచోట ఎదురుగా నిలబడి పట్టించుకోండి. ముందువాళ్ళ పసుపు మరలో కొంత మిగిలి ఉంటుంది, మొదటి గుప్పెడు పొడి వేరుగా తీసి గడపలకు వాడుకోండి. ఇంట్లోనే చేసుకునేవాళ్ళు కొమ్ముల్ని రోట్లో ముక్కలు చేశాకే మిక్సీలో వెయ్యాలి. నిండు కొమ్ములు వేస్తే జారు బ్లేడు దెబ్బతింటుంది. జల్లించి, మిగిలిన రవ్వను మళ్ళీ తిప్పండి. పొడి చల్లారాక డబ్బాకెత్తండి. రెండు నెలలకు సరిపడా మాత్రమే పొడి చేసి, మిగతాది కొమ్ములుగానే ఉంచండి. కుర్కుమిన్‌కు వెలుతురు పడదు. పోపులపెట్టెలో రోజువారీ వాడకానికి కొంచెం వేసుకుని, మిగతాది వెలుతురు చొరని డబ్బాలో పెట్టండి. గాజు సీసాలో కిటికీ పక్కన పెట్టిన పసుపు చూస్తుండగానే వెలిసిపోతుంది. చీర మీద పడ్డ పసుపు మరకకు కూడా ఇదే సూత్రం. ఉతికి ఎండలో ఆరేయండి, రెండు మూడు ఎండలకు పోతుంది.

వంటలో, ఒంటికి

ఇంటి పసుపు ఘాటు ఎక్కువ. ప్యాకెట్టు పసుపు వేసినంత వేస్తే చేదు తగులుతుంది, ముందు సగంతో మొదలుపెట్టండి. పోపులో వేసేటప్పుడు నూనె మరీ కాగి ఉంటే మాడి చేదెక్కుతుంది, మంట తగ్గించి చివర్లో వెయ్యండి. పులిహోరకు అన్నం వేడిగా ఉన్నప్పుడే పసుపూ నూనే కలిపి పలుకు విరగకుండా ఆరబెడితే రంగు గింజగింజకూ పడుతుంది. చేపలకూ మాంసానికీ ఉప్పుతో పాటు ముందే పట్టించి కాసేపు ఉంచండి.

పచ్చి పసుపు వాటాతో ఊరగాయ పెట్టుకోండి. పావుకిలో పచ్చి కొమ్ములు పొట్టు గీకి సన్నటి పుల్లలుగా తరగాలి. తరిగే ముందు చేతులకు కొబ్బరినూనె రాసుకోండి, లేకపోతే రంగు రోజుల తరబడి పోదు. దొరికితే అంతే మామిడి అల్లం కలపండి. అదీ ఈ కుటుంబపు మొక్కే, ఇలాగే కుండీలో పెరుగుతుంది. ముక్కలు మునిగేటంత నిమ్మరసం, తగినంత ఉప్పు, రెండు చెంచాల ఆవపిండి, నాలుగు చీల్చిన పచ్చిమిరపకాయలు, పైన కాచి చల్లార్చిన నువ్వులనూనె. మూడో రోజుకు ఊరుతుంది. ఫ్రిజ్‌లో నెల దాటి ఉంటుంది. పెరుగన్నంలోకి దీన్ని మించింది లేదు.

పాలల్లో వేసుకునేవాళ్ళు పావు టీస్పూను పసుపుకు రెండు మూడు మిరియాలు దంచి వెయ్యండి. కుర్కుమిన్ నీళ్ళలో కరగదు, ఒంటికి చాలా తక్కువే పడుతుంది. పాలలోని కొవ్వు, మిరియాల్లోని పైపరిన్ అది ఒంటికి పట్టడానికి సాయం చేస్తాయి. కానీ ఎండు పసుపులో కుర్కుమిన్ మామూలుగా నూటికి మూడు పాళ్ళో, కొంచెం అటూ ఇటూనో ఉంటుంది. వంటలో వేసే పసుపును మందుగా లెక్కపెట్టుకోకండి, అది ఆహారం. అందుకే అది రోజూ తిన్నా హాయిగా ఇముడుతుంది. కుర్కుమిన్ గుళికలు వేరే సంగతి. 2019లో ఇటలీలో అలాంటి గుళికలు వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు, ఆపరేషనుకు సిద్ధమవుతున్నవాళ్ళు డాక్టరును అడక్కుండా గుళికల జోలికి పోకూడదు.

వేలు తెగితే పసుపు అద్దడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి ఈ వాడకం మీదే పేటెంటు ఇచ్చారు. అప్పుడు రఘునాథ్ మషేల్కర్ నాయకత్వంలో ఉన్న మన దేశపు శాస్త్ర పరిశోధన మండలి సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాల ఆధారాలు తవ్వితీసి సవాలు చేసింది. ఇది కొత్త ఆవిష్కరణ కాదని తేలి 1997లో ఆ పేటెంటు రద్దయింది. మన అమ్మమ్మల తెలివికి దక్కిన న్యాయం అది. అయినా లోతైన గాయానికి, తుప్పు ఇనుము గుచ్చుకున్న దెబ్బకు పసుపు అద్ది ఊరుకోకూడదు. కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంట్లో పిల్లలుంటే ఒక ఆట చూపించండి. తెల్లకాగితానికి పసుపు నీళ్ళు పూసి ఆరబెట్టండి. పుల్లకు సబ్బు నీళ్ళు అద్ది దాని మీద పేరు రాయమనండి, అక్షరాలు ఎర్రగా పడతాయి. పైన నిమ్మరసం పూస్తే మళ్ళీ పచ్చబడతాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేది ఇందుకే. క్షారం తగిలితే కుర్కుమిన్ రంగు మారుతుంది. ఈ ఒక్క కాగితంతో బడి పాఠం, పెళ్ళి పారాణి రెండూ పిల్లలకు ఒకేసారి అర్థమవుతాయి.

విత్తనం దాచడం

విత్తనానికి తీసిన కొమ్ముల్ని కడగకండి, మట్టి దులిపితే చాలు. రెండు రోజులు నీడన ఆరనిచ్చి, అడుగున పొడి ఇసుక పరిచిన వెదురు బుట్టలో పేర్చి, పైన మళ్ళీ ఇసుకా ఎండిన పసుపాకులూ కప్పండి. ప్లాస్టిక్ డబ్బాలో మూత పెడితే చెమ్మ పట్టి బూజొస్తుంది. ఫ్రిజ్‌లో అసలు పెట్టకూడదు. నెలకోసారి బుట్ట తిరగేసి మెత్తబడ్డవి ఏరేయండి. ఏప్రిల్ ఆఖరుకు కొన్ని కొమ్ముల చివర్లు ఉబ్బి లేత మొలకలు కనిపిస్తాయి, నాటేదాకా వాటిని కదిలించకండి. పసుపు తీసిన కుండీల మట్టిలో ఈసారి పసుపూ అల్లమూ వెయ్యవద్దు, దుంపకుళ్ళు అందులోనే కాచుకుని ఉంటుంది. ఆ కుండీల్లో బంతి వెయ్యండి, వేళ్ళకు పట్టే నులిపురుగులు తగ్గుతాయి. పసుపుకు కొత్త మట్టి కలుపుకుని వేరే కుండీలు సిద్ధం చేసుకోండి.